గడగడా చదివేసే బుజ్జిగాడు: ఒక రెండో తరగతి పిల్లాడి కేస్ స్టడీ

పోయినేడు జూలైలో ఒకావిడ మా ఇంటికి వచ్చారు, కొడుకు యూనిట్ టెస్ట్ పేపర్ నాలుగు మడతలు పెట్టి కొంగులో దాచుకుని. "మా గుంటడు ఇంగ్లీషు బుక్కు మొదట్నించి చివరిదాకా సదివేత్తాడు మేడం, ఒక్క ముక్క తప్పు పోడు, మరి ఈ కాంప్రహెన్షన్‌లో నాలుక్కి ఒకటే ఏసేరు, టీచరు ఏటైనా తప్పు దిద్దీసిందేమో ఓసారి సూడండి" అన్నారు. అంటే కంప్లైంటు పిల్లాడి మీద కాదు, టీచర్ మీద.

పేపర్ విప్పి చూశా. నాలుగంటే నాలుగే లైన్లు. రాణి హ్యాడ్ ఎ రెడ్ కైట్. ద కైట్ వాజ్ ఆన్ ద ట్రీ. షి కుడ్ నాట్ గెట్ ఇట్. షి వాజ్ శాడ్. కింద ప్రశ్నలు. రాణి గాలిపటం ఏ రంగు అంటే మనవాడు రాసింది "రాణి హ్యాడ్ ఎ రెడ్ కైట్", రైటు పడింది. గాలిపటం ఎక్కడుంది అంటే మళ్లీ "రాణి హ్యాడ్ ఎ రెడ్ కైట్". రాణి ఎందుకు బాధపడింది అంటే మళ్లీ అదే లైను, మూడోసారి, అంతే ముచ్చటైన రాతతో. ఎవరు బాధపడ్డారు అంటే "షి వాజ్ శాడ్". ఆ షి ఎవరో రాయలేదని ఇంటు కొట్టారు.

ఇది చూడగానే నాకు నవ్వు రాలేదు, సిగ్గేసింది నిజం చెప్పాలంటే. ఎందుకంటే ప్రశ్నలో ఉన్న మాట ప్యాసేజ్‌లో ఎక్కడుందో వెతుకు, ఆ లైను దించెయ్ అనే ఈ ట్రిక్కు నేను కూడా ఒక ప్రైవేట్ స్కూల్లో ఆరేళ్లు పనిచేసినప్పుడు పిల్లలకి నేర్పించా, మార్కులు వచ్చేవి, హెచ్‌ఎం గారు మెచ్చుకునేవారు. ఇప్పుడు పదకొండేళ్లుగా ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్తున్నా, ఆ పాపం కొంత కడుక్కుంటున్నా అనుకోండి.

పిల్లాడిని ఇక్కడ బుజ్జిగాడు అంటా, అసలు పేరు అనవసరం. ఏడేళ్లు, రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం. అమ్మది పాతపట్నం వైపు, అంటే మా ఊరు దాటితే ఆంధ్రా, నడిచి వెళ్లిపోవచ్చు దాదాపు. ఇంట్లో తెలుగు, వీధిలో ఆడుకునేది ఒడియాలో, కార్టూన్లు హిందీలో, స్కూల్లో ఇంగ్లీషుతో పాటు ఒడియా రాత. ఈ నాలుగు భాషల వల్లే కన్ఫ్యూజ్ అయిపోతున్నాడు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి అని స్కూల్లో చెప్పారట. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఇంక ఏం మాట్లాడతారు, "కమ్, సిట్, ఈట్" అంటున్నారట కొడుకుతో, మిగతా టైమంతా ఇద్దరూ మౌనం. ముందు అది ఆపించా. హాయిగా తెలుగులో వాగమని చెప్పా.

మొదటి వారం ఏమీ నేర్పలేదు, మూడు చిన్న పరీక్షలు పెట్టా అంతే. ఒకటి, ఎప్పుడూ చూసుండడు అనుకున్న 20 చిన్న మాటలు, కొన్ని అర్థం లేనివి కూడా నేనే కల్పించినవి, జెగ్, ఫెప్, విబ్ లాంటివి, చదవమన్నా. 17 చదివేశాడు. రెండు, అలాంటిదే ఒక నాలుగు లైన్ల కథ నేనే ఇంగ్లీషులో చదివి వినిపించి ప్రశ్నలు తెలుగులో అడిగా, నాలుక్కి ఒకటి. మూడు, అంతే కష్టం ఉన్న ఇంకో కథ తెలుగులో చెప్పి అడిగా, నాలుక్కి నాలుగూ, పైగా "ఆ పిల్ల కర్ర తెచ్చుకోవాల కదా మేడం" అని సలహా ఒకటి.

ఇక్కడే కేసు సగం తేలిపోయింది. 1986లో గఫ్, టన్మర్ అని ఇద్దరు పరిశోధకులు ఒక సింపుల్ లెక్క చెప్పారు, చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలు కూడబలుక్కోవడం ఇంటు ఆ భాష అర్థం కావడం. ప్లస్ కాదు, ఇంటు. కూడికైతే ఒకటి తక్కువైనా రెండోది కవర్ చేస్తుంది, గుణకారంలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. బుజ్జిగాడికి మొదటిది నిండుగా ఉంది, బుర్ర బ్రహ్మాండంగా ఉంది, ఖాళీగా ఉన్నది ఇంగ్లీషు భాష. వాడు చదువుతుంటే వినడానికి ఎంత బావుంటుందో, మనకి సంస్కృతం రాకపోయినా తెలుగు లిపిలో ఉంటే లలితా సహస్రం గడగడా చదివేస్తాం చూడండి, అలా.

ఇది ఒక్క బుజ్జిగాడి కథ కాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పల్లెల్లో పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వేలో పిల్లాడు ఇంగ్లీషు వాక్యం చదివాక దాని అర్థం ఏంటో వాడి భాషలో చెప్పమని విడిగా అడుగుతారు, నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. 2022 రిపోర్టులో గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో సులువైన ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లే 24.5 శాతం. అర్థం చెప్పడం ఆ తర్వాత మాట. మా దగ్గర అరుగు మీద కూర్చునేవాళ్లు చాలామంది చదివేస్తారు, కాబట్టి పెద్దవాళ్లకి అసలు సమస్య ఉందనే తెలీదు.

సరే, నేను చేసిన తప్పు ముందు చెప్తా. భాష లేదు కదా, మాటలు నేర్పిద్దాం అని రోజుకి పది మీనింగులు రాయించా. మూడు వారాలు. బుజ్జిగాడు అన్నీ బట్టీ పట్టేశాడు, అండర్ అంటే కింద, కాట్ అంటే మంచం, బికాజ్ అంటే ఎందుకంటే, అడిగితే తుపాకీ పేలినట్టు చెప్పేవాడు. తర్వాత ఒకరోజు "ద క్యాట్ ఈజ్ అండర్ ద కాట్" అని రాసి దీనికి బొమ్మ వెయ్యరా అన్నా. వేశాడు. మంచం మీద దర్జాగా కూర్చున్న పిల్లి.

"ఇదేట్రా?" అన్నా. వాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు. ఒక్కో మాట మీద వేలు పెట్టి చెప్పాడు, "పిల్లి... కింద... మంచం. పిల్లి కింద మంచం ఉంది."

నేను ఆ రోజు రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించా. వాడు చెప్పింది తెలుగులో తప్పే కాదు! మనకి కింద, మీద, లోపల అన్నీ పేరు తర్వాత వస్తాయి, మంచం కింద, ఒడియాలో కూడా అంతే, ఖట తళె. వాడికి తెలిసిన రెండు భాషలూ అలాంటివే, ఇంగ్లీషులో మాత్రం ముందొచ్చి కూర్చుంటుంది. మాటకి మాట మీనింగు ఇచ్చి, వరసలో పేర్చుకో అని వదిలేసింది నేనే. మూడు వారాలు వాడి చేత తప్పు ప్రాక్టీస్ చేయించా. ఆ నోటుబుక్కు పక్కన పడేశాం.

ఆ తర్వాత నుంచి మీనింగు అడగడం మానేసి చేసి చూపించమనడం మొదలెట్టా. అరుగు మీద ఒక పీట, ఒక చెంబు, రబ్బరు, అగ్గిపెట్టె. నేను కాయితం మీద వాక్యం రాసి ఇస్తా, వాడు మాట్లాడకుండా వస్తువులు పెట్టాలి. పుట్ ద ఎరేజర్ అండర్ ద చెంబు. మధ్యలో తెలుగు మాటలు దూర్చడానికి నాకేం మొహమాటం లేదు. నాలుగైదు రోజుల్లో అండర్, ఆన్, బిహైండ్ సెట్ అయిపోయాయి, వారం తర్వాత వాడే నాకు వాక్యాలు రాసి ఇవ్వడం మొదలెట్టాడు, మేడం చెప్పు తీసి చెంబు మీద పెట్టాలి అనే టైపువి.

రెండో ముడి షి, హి, ఇట్. ముందు నేను దీన్ని పెద్దగా పట్టించుకోలేదు, ఇంత చిన్న మాటల్లో ఏముంది అని. రాణి, వాళ్ల అన్న గోపి, ఒక గాలిపటం ఉన్న కథలో "షి గేవ్ ఇట్ టు హిమ్" దగ్గర ఎవరు ఎవరికి ఏమిచ్చారు అంటే బుజ్జిగాడు "అది దానికి ఇచ్చింది" అన్నాడు. సరదాకి కాదు, సీరియస్‌గానే. మన మాటల్లో చూడండి, ఆడపిల్లనీ అది అంటాం, పిల్లినీ అది అంటాం, గాలిపటాన్నీ అది అంటాం, వచ్చింది, పడింది, ఏడ్చింది అన్నీ ఒకటే. ఒడియాలో ఇంకా విచిత్రం, మగా ఆడా ఇద్దరూ సె. పైగా మనం అసలు సగం వాక్యాల్లో ఎవరో చెప్పనే చెప్పం, "వచ్చాడు, తిన్నాడు, వెళ్లిపోయాడు" అంతే. కాబట్టి షి, హి, ఇట్ అనేవి వాడి చెవికి వట్టి శబ్దాలు, దాటేస్తాడు. టెస్టులో "షి వాజ్ శాడ్" అని రాసి ఇంటు ఎందుకు పడిందో నాకు అప్పుడు అర్థమైంది. షి వెనకాల ఒక మనిషి ఉందని వాడికి తోచలేదు.

దీనికి చింతపిక్కలు వాడా. రాణికి చింతపిక్క, గోపికి గవ్వ, గాలిపటానికి సీసా మూత. చదువుతూ షి వచ్చిన ప్రతిసారీ ఆగి వేలు చింతపిక్క మీద పెట్టాలి, ఇట్ వస్తే మూత మీద. విసుగు పని, వాడికీ నాకూ. రెండు వారాలు పట్టింది. కానీ కాంప్రహెన్షన్ పెరగాలంటే ఏం చెయ్యాలి అని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఈ చింతపిక్కల పనే, పెద్ద పెద్ద మాటల లిస్టులు కాదు.

మూడోది బికాజ్, ఇది కొంచెం వివరంగా చెప్పాలి. "ద గ్లాస్ ఫెల్ బికాజ్ ద క్యాట్ జంప్డ్." ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది చెప్పరా అన్నా. ముందు గ్లాసు పడింది, తర్వాత పిల్లి గెంతింది అన్నాడు. ఎందుకు గెంతింది? "ఠంగుమని సౌండ్ వచ్చింది కదా, పిల్లికి భయం ఏసింది." ఎంత లక్షణంగా ఉందో చూడండి సమాధానం! మనం మామూలుగా కారణం ముందు చెప్తాం, పిల్లి గెంతింది, దాంతో గ్లాసు పడిపోయింది అని. వాడు ఏ వరసలో చదివాడో ఆ వరసలోనే జరిగిందనుకుని, మధ్యలో ఉన్న బికాజ్‌ని "అందుకని" చేసేసి, దానికి సరిపడా కథ కూడా అల్లేశాడు. బికాజ్ అంటే ఎందుకంటే అని వాడికి నోటికి వచ్చు, అయినా.

ఇందులో భయపెట్టే సంగతి ఇంకోటుంది. ఇదే ప్రశ్న, వై డిడ్ ద గ్లాస్ ఫాల్ అని పేపర్ మీద అడిగితే వాడు "బికాజ్ ద క్యాట్ జంప్డ్" అని దించేసి ఫుల్ మార్కు తెచ్చుకునేవాడు. పూర్తిగా తిరగేసి అర్థం చేసుకుని ఫుల్ మార్కు. 1978-79లో డోలరెస్ డర్కిన్ అనే ఆవిడ అమెరికాలో క్లాసుల్లో కూర్చుని గమనించి రాసింది, టీచర్లు అర్థమైందా అని ప్రశ్నలు అడుగుతున్నారు తప్ప ఎలా అర్థం చేసుకోవాలో నేర్పడం దాదాపు లేదు అని. నలభై ఏళ్లు దాటింది, మన దగ్గర ఇప్పటికీ అంతే కదా.

స్టీలు గ్లాసు పీట అంచున పెట్టి, బుజ్జిగాడినే పిల్లిని చేసి గెంతించా. ఏది ముందు, ఏది తర్వాత, రెండు కాయితం ముక్కల మీద రాసి వరస పెట్టించా. తర్వాత బికాజ్ ఉన్న వాక్యం కనబడితే దాని మీద వెనక్కి తిరిగిన బాణం గీయించా. ఒక నెల గీసి ఉంటాడు ఆ బాణాలు.

ఇంక కథల సంగతి. స్కూలు బుక్కులో మంచు బొమ్మ కథ ఒకటి ఉంది. పిల్లలు మంచుతో మనిషిని చేసి టోపీ పెడతారు, ఎండ కాస్తుంది, మర్నాడు నేల మీద టోపీ ఒక్కటే ఉంటుంది. మంచు మనిషి ఏమయ్యాడురా అంటే బుజ్జిగాడు తడుముకోకుండా "దొంగలు ఎత్తుకుపోయారు, పరిగెట్టినప్పుడు టోపీ పడిపోయింది" అన్నాడు. ఇంగ్లీషు మాటలన్నీ అర్థమయ్యాయి ఈసారి. మంచు తెలీదు, అంతే. మా ఊళ్లో ఎవరికి తెలుసు. ఫ్రిజ్‌లో ఐసు ట్రే తీసుకొచ్చి స్టీలు పళ్లెంలో ముక్కలు పేర్చి పైన సీసా మూత పెట్టి ఎండలో వదిలేశాం. మధ్యలో వేరే పని చేసుకుని వచ్చి చూస్తే నీళ్లలో మూత తేలుతోంది. వాడు కాసేపు దాన్ని అలాగే చూసి, బుక్కు తీసి ఆ పేజీ మళ్లీ చదివాడు, నేను చెప్పకుండానే.

దీని మీద 1988లో రెక్ట్, లెస్లీ అనేవాళ్లు చేసిన ఒక స్టడీ ఉంది, బేస్‌బాల్ ఆట మీద ఒక ప్యాసేజ్ 64 మంది పిల్లల చేత చదివించారు. చదవడంలో వీక్ అయినా ఆట బాగా తెలిసినవాళ్లు, చదవడంలో స్ట్రాంగ్ అయినా ఆట తెలీని పిల్లల కంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు. మనకి బేస్‌బాల్ బదులు గుణుపూర్ ప్యాసింజర్. ఒకప్పుడు రాజావారు వేయించిన చిన్న రైలు లైను, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది, నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా మా ఊరొస్తుంది, బుజ్జిగాడు అమ్మమ్మగారింటికి పోయేది అందులోనే. నేను రాసిన ప్యాసేజ్‌లో నాన్న రైలు దిగుతాడు, బ్యాగు నిండా మామిడిపళ్లు, నాన్న మెల్లగా నడుస్తాడు. ఎందుకు మెల్లగా నడుస్తున్నాడో ప్యాసేజ్‌లో లేదు. వాడు వెంటనే "హెవీ మేడం" అన్నాడు. మంచు కథకి అయిదింట్లో ఒకటి, రైలు కథకి అయిదింట్లో నాలుగు. కాకపోతే రైలు కథ నేను రాసింది కాబట్టి తెలీకుండానే సులువుగా రాసేసి ఉంటా, ఆ అనుమానం నాకుంది.

ఇంటి దగ్గర వాళ్ల అమ్మగారికి ఒక పని అప్పజెప్పా. ఆవిడకి తెలుగు చదవడం బాగా వచ్చు. స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన సైటు ఉంది, ఫ్రీ, ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. రాత్రి పడుకునేముందు ఫోన్‌లో తెలుగు కథ ఆవిడ చదువుతారు, మర్నాడు అదే కథ నా దగ్గర ఇంగ్లీషులో. కథ ముందే తెలిసిపోతే ఇంకేం అర్థం చేసుకుంటాడు అని ఒక టీచర్ ఫ్రెండ్ అడిగింది. నా ఉద్దేశం వేరు, కథ తెలిసినప్పుడు వాడి బుర్ర మొత్తం ఇంగ్లీషు వాక్యం ఎలా నడుస్తోందో చూడ్డానికి ఖాళీగా ఉంటుంది. రెండు నెలల తర్వాత మెల్లగా తెలుగు కథ సగంలో ఆపమన్నా, మిగతా సగం ఇంగ్లీషులోనే తెలుసుకోవాలి. వాళ్ల అమ్మగారైతే "నాకూ తెలాల మేడం, మీ దగ్గర సదివాక ఇంటికొచ్చి నాకు చెప్పమనండి" అన్నారు. ఇది నేను ప్లాన్ చేసింది కాదు, కానీ రోజూ సాయంత్రం ఇంగ్లీషులో చదివిన చివరి సగం వాడు వాళ్ల అమ్మకి తెలుగులో చెప్పడం మొదలైంది, నా పాఠం కంటే అదే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

ఇదంతా అందరికీ పనిచేస్తుందని అనుకోకండి. అదే బ్యాచ్‌లో కొండ మీద ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర గిరిజన పాప ఒకతి ఉంది. ఆ పిల్లకి తెలుగు మూడో భాష. నా చింతపిక్కలు బాగానే పనిచేశాయి గానీ తెలుగులో మాట్లాడుకుని తర్వాత ఇంగ్లీషు అనే పద్ధతి అక్కడ ఎందుకూ పనికిరాలేదు, ఆ పిల్లకి నా తెలుగు కూడా ఇంకో ఇంగ్లీషే. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇదే ఊళ్లో టీచరుగా ఉండి, సవర పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు నేను సవర నేర్చుకోవాలి అని కూర్చుని నేర్చుకున్నారు, వాళ్ల భాషలో వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మేమంతా తెలుగు గురించి స్పీచ్‌లు ఇస్తాం. నాకు సవరలో పది మాటలు కూడా రావు.

ఫలితాల సంగతికొస్తే, వారానికి నాలుగు రోజులు, రోజుకి నలభై నిమిషాలు, జనవరి దాకా. ఎప్పుడూ చూడని కొత్త ప్యాసేజ్‌లు, ఆరేడు లైన్లవి, పది ప్రశ్నలకి ఆగస్టులో రెండు, జనవరిలో ఏడు. ఎవరు, ఎక్కడ, ఏమైంది అనేవి దాదాపు అన్నీ చెప్తున్నాడు. ఎందుకు అనేవి సగం. ప్యాసేజ్‌లో లేనిది ఊహించి చెప్పాలంటే తెలిసిన విషయం అయితేనే. పదిహేను లైన్లు దాటితే ఇప్పటికీ మధ్యలో తప్పిపోతాడు, చింతపిక్కలు నాలుగైతే గందరగోళం.

స్కూలు టెస్టులో అయిదుకి మూడు వచ్చాయి. పోయిన రెండింట్లో ఒకటి చూసి నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల ఎందుకు ఏడ్చింది అనే ప్రశ్నకి బుజ్జిగాడు ఏ లైనూ దించకుండా సొంతంగా రాశాడు, "షి నాట్ గెట్ డాల్ సో క్రై". గ్రామర్ లేదు, ఒప్పుకుంటా. కానీ జీవితంలో మొదటిసారి వాడు ఒక ప్రశ్నని అర్థం చేసుకుని సమాధానం చెప్పాడు, దానికి సున్నా. పక్కన లైను దించినవాడికి ఫుల్. వెళ్లి మాట్లాడా, గైడ్‌లో ఉన్నట్టు రాయాలి మేడం అన్నారు. సరే అని వచ్చేశా. వాళ్ల క్లాసులో యాభై మంది, ఆవిడ బాధ ఆవిడది.

ఫిబ్రవరి మొదట్లో వాళ్ల అమ్మగారు మళ్లీ వచ్చారు, ఈసారి మొహం బాలేదు. "ఏటి మేడం, ముందు గడగడా సదివేసేవోడు, ఇప్పుడు ఆగి ఆగి సదువుతున్నాడు, డైరీలో కూడా రాసేరు స్పీడు తగ్గిందని. సెడిపోతన్నాడా ఏటి?" నేను సమాధానం చెప్పబోయి, లోపల కూర్చుని చదువుతున్న వాడిని విందాం రండి అని గుమ్మం దగ్గర నిలబెట్టా. ఎవరో తాతగారు చలికాలం కోటు వేసుకునే కథ. హి వోర్ ఎ గోట్, అని చదివేసి రెండు మాటలు ముందుకి పోయాడు, టక్కున ఆగాడు. వెనక్కొచ్చి వేలు పెట్టి చూశాడు. "తాత మేకని తొడుక్కున్నాడా?" అని తనలో తనే అని, పగలబడి నవ్వి, కోట్ కోట్ అనుకుంటూ మళ్లీ మొదట్నించి ఎత్తుకున్నాడు.